ఊరు తెలియని నాణెం

భవానీపురంలో మా పక్కింటి మాస్టారు పాత గ్రీకు వెండి నాణేలు ఏ ఊళ్లో ముద్రించారో కనిపెట్టేవారు. నాణెం చేతికివ్వగానే ముందు దాని వెనకవైపు తిప్పి చూసేవారు.

“ఈ రకం నాణేలకి ముందువైపు బొమ్మ ఏ ఊళ్లో కొట్టినా ఒకటేనండీ. ఊరి గుర్తు వెనకాల, దేవుడు కూర్చున్న సింహాసనం కింద చిన్నగా ఉంటుంది.”

ఆ గుర్తు అరిగిపోయి ఉంటే, నాణెం దాచే కవరు మీద ఊరి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసేవారు. ఒకసారి నాకు విసుగొచ్చింది.

“ఏదో ఒక ఊరు రాసెయ్యొచ్చుగా మాస్టారూ?”

“తప్పు ఊరు రాస్తే ఇక అసలు ఊరిని ఎవరూ వెతకరండీ.”

ఆయన ఉయ్యూరు దగ్గర ఒక మిషన్ అనాథాశ్రమంలో పసిగుడ్డుగా చేరి పెరిగారు. సొంతూరు ఎవరడిగినా “తెలియదండీ” అనేవారు, టైము అడిగితే చెప్పినంత మామూలుగా.

మొన్న వేసవిలో పోయారు. సమాధి రాయి చెక్కించేటప్పుడు పుట్టిన ఊరి పేరు వేయాల్సిన చోట పని ఆగింది.

“ఉయ్యూరని వేయించేద్దామమ్మా,” అన్నారు పాస్టరుగారు.

మాస్టారి భార్య తల అడ్డంగా ఊపింది. “వద్దండీ. ఆ చోటు ఖాళీగా ఉంచమనండి.”

ఇప్పుడు సమాధి దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను ముందుగా ఆ రాయి వెనకవైపుకి వెళ్లి చూస్తాను.