తేమ చూసేవాడి ముఖం

ముందే ఒప్పేసుకుంటాను. ఈ విషయంలో నాకంటే తెలివితక్కువవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు, రోజూ అద్దంలో తప్ప. ఎదుటివాడి పత్తికుప్పలో మోచేతిదాకా చెయ్యి దూర్చి చూస్తేగాని నమ్మని మనిషిని, నా ముఖానికి మాత్రం ఎవరేది రాసుకోమంటే అది రాసుకున్నాను.

అనుమానించడమే నా ఉద్యోగం. భైంసా దగ్గర, పత్తిలోంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లు గేటు పక్కన కుర్చీ వేసుకుని, రైతులు తెచ్చిన పత్తిలో మీటరు గుచ్చి తేమ ఎంతుందో చెప్పేవాణ్ణి. తేమ ఎనిమిది శాతం దాటితే తూకంలో కోత పడుతుంది, పన్నెండు దాటితే బండి వెనక్కి పోతుంది. అందుకని ట్రాక్టర్‌లో పైన ఎండిన పత్తి, అడుగున మంచుకు తడిసిన పత్తి పెట్టుకొచ్చేవాళ్ళు కొందరుంటారు. మంచు పేరు చెప్పి బిందెతో నీళ్ళు చల్లేవాళ్ళు మరి కొందరు. పదిహేను సీజన్లు ఇదే చూసి చూసి, కరీంనగర్‌లో మా ఇంటికెళ్ళినప్పుడు కూడా పళ్ళెంలో అన్నాన్ని అడుగునుంచి తిరగేసి చూస్తానని మా ఆవిడ ఫిర్యాదు.

ఇక నా ముఖం. దానిది పుట్టు జిడ్డు. తొమ్మిదింటికి కడిగితే పదింటికి మెరుస్తుంది. మిల్లులో గాలినిండా దూది నుసి ఎగురుతుంటుంది కదా, అది అందరి మీదా వాలి ఎగిరిపోతుంది, నా మీద వాలినది మాత్రం కాపురం పెడుతుంది. మధ్యాహ్నానికల్లా నాకు తెల్లగడ్డం మొలిచేది. గింజ ఆడించకుండానే ఈయన దగ్గర నూనె తీయొచ్చని హమాలీలు నవ్వుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ముఖమూ జిడ్డే, ఉద్యోగమూ జిడ్డే. మొదటిది కడిగితే పోదు, రెండోది తిడితే పోదు.

ఆ నవ్వులాట ఒక అవ్వ చేతిలో చెడింది.

అరవై దాటిన మనిషి. పక్క ఊళ్ళో సొంత సేద్యం. పత్తిమీదే కూర్చుని ట్రాక్టర్‌తో వచ్చేది, నేను మీటరు గుచ్చుతుంటే పైనుంచి చూసేది. ఆ రోజు ఆమె పత్తిలో పద్నాలుగు చూపించింది. ఆరబెట్టుకుని రమ్మన్నాను. ఆమె తిట్టలేదు, బతిమాలలేదు. కిందికి దిగి, నా ముఖాన్ని ఎడమనుంచి కుడికి తీరిగ్గా చూసింది.

"గిన్నొద్దులు పరేషాన్ అయిన సారూ. మా పత్తిల కోసిన తేమంత ఏడికి పోతుందా అని. గిప్పుడు కనవడ్డది. అంత నీ మొఖం మీదనే ఉన్నది."

లైనులో ఉన్న పాతిక బళ్ళవాళ్ళూ నవ్వారు. మర్నాడు ఒక రైతు మీటరు చూడకుండా నా ముఖం చూశాడు. వారం తిరిగేసరికి అందరిదీ అదే పద్ధతి. నేను అంకె చెప్పడం, వాళ్ళు నా నుదురు చూసి ఒకరికొకరు మోచెయ్యి తగిలించుకోవడం. మెరుస్తున్నాడంటే మేస్తున్నాడని లెక్క. అసలు నాకు కోత పెంచినా తగ్గించినా ఒరిగేది లేదు, నా జీతం పత్తి ఎండినా తడిసినా అంతే. ఈ మాట చెబితే ఎవడు నమ్ముతాడు? నేనైతే నమ్మను. గేటు దగ్గర జగడాలు ముదిరాయి. ఇలాగే ఉంటే నన్ను వెనకకు, దూది బేళ్ళు కట్టే చోటికి పంపి ఇంకొకరిని కూర్చోబెడతానని మిల్లు యజమాని సేటు మెల్లగా అన్నాడు. తేమ చూసేవాడి మాట చెల్లకపోతే వాడి చేతిలో ఉన్నది మీటరు కాదు, ఆటవస్తువు. ఆ కుర్చీ నిలబెట్టుకోవాలంటే ఈ మెరుపు పోవాలని తీర్మానించుకున్నాను.

ముందు శాస్త్రీయంగా వెళ్దామనుకున్నాను. ఎవరూ లేనప్పుడు గుప్పెడు పొడి దూదితో ముఖమంతా గట్టిగా తుడిచి, ఆ దూదిలో మీటరు గుచ్చాను. ఎనిమిది చూపించింది. అంటే నా ముఖం ఏ కోతా లేకుండా కొనుగోలుకు పనికొస్తుందన్నమాట. నూనె వేరు, నీళ్ళు వేరు, మీటరుకు నీళ్ళే తెలుసు అన్న సంగతి అప్పుడు తట్టలేదు. నేను మీటరును అనుమానించాను. బ్యాటరీ మార్చి మళ్ళీ తుడుచుకున్నాను.

ఆ తర్వాత మొదలైంది ప్రయోగాల వరస. మా ఆవిడ ఫోన్‌లో చెప్పిన శనగపిండి. పాకం సరిగా కుదరక బజ్జీకి సిద్ధంగా ఉన్న మిరపకాయలా కూర్చున్నాను. పౌడరు. జిడ్డూ పౌడరూ దూదీ కలిసి పుట్టీ అయింది, గోడలకైతే బాగుండేది. ముల్తానీ మట్టి రాసి ఆరేదాకా మాట్లాడకూడదన్నారు, సరిగ్గా అప్పుడే సేటు ఏదో అడిగాడు, జవాబు చెప్పేసరికి చెంపలు పగిలి ఒళ్ళో పడ్డాయి. ఒక ఫేస్‌వాష్ డబ్బా మీద 'ఆయిల్ ఫ్రీ' అని రాసుంది. మనకు ఫ్రీ అంటే ఉచితమే కదా, నా దగ్గర ఇంతుండగా ఇంకా ఉచితంగా ఇస్తారేమిటని దాన్ని రెండు రోజులు మూత తీయకుండా అనుమానించాను. తర్వాత దానితోనే రోజుకు ఏడెనిమిది సార్లు కడిగాను. కడిగిన కాసేపు చర్మం డోలు తోలులా బిగుసుకునేది. మళ్ళీ పైకి నూనె వచ్చేది, ఈసారి కాస్త కోపంగా.

చివరికి బస్టాండ్ దగ్గర మందుల షాపతను. మా గేటు మాట అతని దాకా పోయిందట. సగం మరాఠీ, సగం తెలుగు. నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి ఒక చిన్న ట్యూబు కౌంటర్ మీద పెట్టాడు.

"కాయ్ నై సారూ, ఫికర్ జెయ్యకుండ్రి. పది దినాలు పెట్టుండ్రి, మొఖం అద్దమైతది."

ఇక్కడే నా తెలివికి దండ వేయాలి. మెరుపు పోగొట్టుకుందామని వెళ్ళినవాణ్ణి, అద్దం చేస్తానన్నవాణ్ణి నమ్మాను. అద్దం మెరవదా? ట్యూబు మీద ఎర్రగీత ఉంది, డాక్టరు రాస్తేనే వాడాలని సన్నటి అక్షరాలున్నాయి. పత్తిలో ఒక్క పుల్ల కనబడితే కుప్పంతా తిరగేసేవాణ్ణి, ఆ అక్షరాలు చూసి కళ్ళజోడు తుడుచుకుని జేబులో పెట్టుకున్నాను.

పది రోజులు నిజంగానే అద్భుతం. నున్నటి ముఖం, రంగు కూడా ఒక మెట్టు తేలింది. హమాలీలు పెళ్ళా సారూ అని అడిగారు. రెండు నెలలు వాడాను. తర్వాత చెంపల మీద మంట మొదలైంది. ఎండలోకి వెళ్తే పెనం మీద పెట్టినట్టుండేది. ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా కమిలి, చిన్న చిన్న పొక్కులు. ట్యూబు ఆపితే మంట రెట్టింపు, రాస్తే ఒక పూట శాంతి. ట్యూబు నన్ను వాడుకుంటోందని అప్పుడు అర్థమైంది.

మరి రైతులు? మెరుపు పోయింది కదా, ఇక నమ్ముతారనుకున్నాను. లైనులోంచి ఒకాయన పక్కవాడితో అన్నమాట చెవిన పడింది.

"తిన్నదంత ఏం జేస్తుండో అనుకున్న. తాగుతుండు. చూడు, మొఖం ఎట్ల ఎర్రవడ్డదో."

సీజను ముగిసి ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు తీసి ఒక క్షణం ఎవరు కావాలన్నట్టు చూసింది. ట్యూబు సంగతి చెప్పాను. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి, నేను చదవని అక్షరాలన్నీ చదివింది.

"అందరి పత్తిల చెయ్యి వెట్టి చూస్తవు. గీ ట్యూబుల ఏమున్నదో చూడవైతివా?"

మర్నాడే చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ఇది ఎవరు రాసిచ్చారని అడిగింది. ఎవరూ రాయలేదు, అమ్మాడు అన్నాను. అందులో స్టెరాయిడ్ ఉందనీ, చర్మాన్ని పలచబరుస్తుందనీ, ముఖానికి ఇష్టమొచ్చినట్టు పూసేది కాదనీ చెప్పింది. కోలుకోవడానికి నెలలు పడుతుందంది. మందు రాసి, ఇకమీదట రోజుకు రెండుసార్లు మాత్రమే మెత్తటి ఫేస్‌వాష్‌తో కడగమంది, గరుకువేవీ రుద్దొద్దంది, బయటికి వెళ్తే సన్‌స్క్రీన్. అక్కడిదాకా తల ఊపాను. చివర్లో, పలచటి జెల్ లాంటి మాయిశ్చరైజర్ కూడా రాయమంది.

నా పాత అనుమానం నిద్రలేచింది. తేమ ఎక్కువైందని కదా వచ్చాను, మళ్ళీ తేమ పెట్టమంటుందేమిటి? బిందెతో చల్లే బాపతా ఈమె? గట్టిగానే అడిగాను. ఆమె నవ్వలేదు. నూనె ఎక్కువున్నంత మాత్రాన నీళ్ళు ఉన్నట్టు కాదనీ, కడిగి కడిగి నేను ఆ నీళ్ళనే పోగొట్టుకున్నాననీ అంది. ఎనిమిది చూపించిన మీటరు గుర్తొచ్చి మళ్ళీ తల ఊపాను. మెరుపు పూర్తిగా పోదనీ, కొంత నూనె నా సొంతమనీ, ఇలాంటి చర్మానికి ముడతలు తొందరగా రావనీ కూడా చెప్పింది. ఇది వైద్యమా, ముఖస్తుతా అని బస్సులో వచ్చేదాకా ఆలోచించాను. అయినా ఈసారి సీసాల మీది అక్షరాలన్నీ చదివి, కొత్తది ఏదైనా ముందు దవడ కింద కొంచెం రాసి, రెండు రోజులు చూసిగాని ముఖం మీదికి రానివ్వలేదు. నేను చేసిన తనిఖీల్లో నా ముఖానికి పనికొచ్చినది అదొక్కటే.

వానాకాలం గడిచేసరికి ముఖం దారికొచ్చింది. మంట పోయింది, ఎరుపు దిగింది. మెరుపు ఉంది, కాని పట్టి చూస్తే కనబడేంతే. కొత్త సీజనులో అదే కుర్చీలో కూర్చున్నాను, ఈ ఒక్కసారికి చూద్దామన్న సేటు మాట మీద. మూడో రోజు అవ్వ వచ్చింది. ఆమె పత్తి ఎనిమిది, వంక పెట్టడానికి లేదు. నిశ్చింతగా ఉన్నాను. ఆమె దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మళ్ళీ ఎడమనుంచి కుడికి చూసింది.

"ఏంది సారూ, మొఖం మీద మెరుపు తగ్గింది? గీయేడు దాచుకునుడు నేర్చినవా?"

లైను నవ్వింది. అప్పుడు తెలిసింది, వాళ్ళు ఏడాదిగా చూస్తున్నది నా చర్మాన్ని కాదు, కుర్చీని. ఇందులో ఎవరి ముఖం పెట్టినా అలాగే కనబడుతుంది. శనగపిండికీ డాక్టరమ్మకూ అందని జబ్బు అది. నేను లేచి, కుర్చీని భుజం మీది గమ్చాతో దులిపి, ఆమె ముందుకు జరిపాను.

"కూసో అవ్వా. ఫోన్ల నంబర్లు చదువుతవు గదా, గిది గూడ గంతే. ఇయ్యాల నువ్వే చూడు, నేను రాసుకుంట."

ఆమె నన్ను అనుమానంగా చూసింది గాని, అంతమంది ముందు వెనక్కి తగ్గే మనిషి కాదు. కూర్చుంది. మొదటి బండికే నాకంటే లోతుగా చెయ్యి పెట్టించింది. రెండో బండికి అడుగు పత్తి పైకి తీయించింది. ఆమె పని చూస్తుంటే నాకు ఒకింత అసూయ కలిగిందని కూడా ఒప్పుకోవాలి. మూడో బండి ఆమె సొంత తమ్ముడిది.

మీటరు పదమూడు చూపించింది. ఆమె ఇంకొక చోట గుచ్చింది. పదమూడే. బండి చుట్టూ తిరిగి వెనకవైపు గుచ్చింది. తర్వాత, మెల్లగానే, పదమూడు అంది.

"సక్కగ చూడక్కా."

"మూడుసార్ల సూసిన్రా."

"కుర్సీల కూసోంగనే గింత మారితివా? ఏమిస్తనన్నడు సేటు?"

సరిగ్గా అప్పుడే నేను ఎదురు హోటలాయన్ని కేకేశాను. లైనంతా వినేలా, అవ్వకు మంచి చాయ, మలాయి వేసి, పెద్ద గ్లాసులో అని చెప్పాను. రెండు బిస్కెట్లు కూడా అన్నాను. హోటలాయన స్వయంగా తెచ్చి మీటరు పక్కన పెట్టిపోయాడు. ఆమె తమ్ముడు గ్లాసు వైపు చూశాడు, తర్వాత అక్క వైపు చూశాడు. అతని వెనకవాడు చూశాడు. వాడి వెనకవాడు సరిగ్గా కనబడక ట్రాక్టర్ టైరు ఎక్కి చూశాడు.

"నాకొద్దు, నువ్వే తాగు సారూ" అంది అవ్వ.

నేను గమ్చాతో ముఖం తుడుచుకుని, ఆమెకు కాస్త అందేలా గ్లాసు ముందుకు జరిపాను. మిగతా బళ్ళన్నీ అయిపోయి, ఆ చాయ మీద మీగడ కట్టేదాకా దాన్ని అక్కడినుంచి ఎవరినీ తీయనివ్వలేదు.