మూడోసారి వచ్చిన కడుపునొప్పి

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది. రామచంద్రపురం దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. తొమ్మిదేళ్ల పాపను వాళ్ల నాయనమ్మ తీసుకొచ్చింది. పేరు మార్చి లాస్య అంటాను. కడుపునొప్పి. నెలలో అది మూడోసారి. అంతకుముందు ఒకసారి నులిపురుగులకు, ఒకసారి గ్యాస్‌కు మందిచ్చి పంపేశాం.

డాక్టరు చూసేముందు నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంటుంది అని అడిగి రాసుకోవడాన్ని మేం హిస్టరీ తీసుకోవడం అంటాం. ఆ రెండుసార్లూ నేను అడిగిందంతా పెద్దావిడనే. ఈసారి పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నొప్పి ఎప్పుడొస్తుందమ్మా?"

"సాయంత్రం అండి."

"రోజూనా?"

"ఆదివారం రాదండి."

"ఆదివారం ట్యూషన్ ఉండదు కదండీ, అందుకే. అన్నీ దొంగ నొప్పులు" అని నాయనమ్మ నవ్వింది.

పాప తల దించుకుని గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. పెద్దావిడను కాసేపు బయట కూర్చోమని, "ట్యూషన్లో ఏం నచ్చదు నీకు?" అన్నాను. తొందరపెట్టకుండా పక్కనే కూర్చున్నాను. తర్వాత మెల్లగా చెప్పింది. అందరూ వెళ్లిపోయాక మాస్టారు తనను ఆపుతారట. ఒంటి మీద ఎక్కడెక్కడో చేతులు వేస్తారట. ఇంట్లో చెబితే నాన్న కొడతాడని బెదిరించారట. గుచ్చి గుచ్చి అడగలేదు. "చెప్పి మంచిపని చేశావమ్మా" అన్నాను.

నేను చెప్పింది విని డాక్టరుగారు తల్లిదండ్రులను పిలిపించారు. పోలీసులకు తెలపడం చట్టప్రకారం తన బాధ్యత అని చెప్పగానే నాయనమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. "బయటికి రానివ్వకండమ్మా. ఆడపిల్ల. ఆ మాస్టారు మాకు చుట్టం కూడానండి."

తండ్రికి బజార్లో కిరాణా కొట్టు. ఆయన వచ్చి పాప ముందు గచ్చు మీద కూర్చున్నాడు.

"నేను కొడతానని చెప్పాడా?"

పాప తలూపింది.

"కొట్టను తల్లీ. నీ తప్పేం లేదు. వెళ్లనని రోజూ ఏడిచావు. నేనే వినలేదు."

ఆ సాయంత్రమే ఫిర్యాదు ఇచ్చారు. మర్నాడు కొట్టు తెరవకుండా భార్యాభర్తలిద్దరూ ఆ ట్యూషన్‌కు వెళ్లే పిల్లల ఇళ్లకు వెళ్లారు. "మీ వాళ్లని ఒకసారి నెమ్మదిగా అడగండి" అన్నారు. కొందరు మొహం మీదే తలుపేశారు. ఇద్దరు తల్లులు మాత్రం తమ పిల్లలను మా దగ్గరకు తెచ్చారు. మాస్టారిని అరెస్టు చేశారు. కేసు ఇంకా నడుస్తోంది.

ఆ వీధి పిల్లల ట్యూషన్ ఇప్పుడు ఒక టీచరుగారి ఇంటి అరుగు మీద, దారినపోయే వాళ్లందరికీ కనబడేలా జరుగుతుంది. తల్లులు వంతులు వేసుకుని వచ్చి కూర్చుంటారు. లాస్య నాయనమ్మా వెళ్తోంది.

ఇప్పుడు ఏ పిల్ల వచ్చినా ముందు ఆ పిల్లనే అడుగుతాను. పెద్దవాళ్లకూ అదే చెబుతాను: ఫలానా చోటికి వెళ్లనని పిల్లలంటే, తిట్టేముందు ఎందుకో అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. లాస్య నోరు విప్పడానికి పట్టింది పది నిమిషాలు. ముందు వచ్చిన రెండుసార్లూ ఆ పది నిమిషాలు నా దగ్గర లేకపోలేదు.