జాకెట్ ఒకటి తక్కువ

అనకాపల్లి కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చుని స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఆదివారం ఏజెన్సీ కొండల్లో, వానలకు పొంగి దూకుతున్న నది మీద రబ్బరు గాలిపడవ నడపాలని మా ప్లాను. లైఫ్ జాకెట్ ఒకటి తక్కువైందన్నాడు వాడు.

"నాకొద్దులేరా, నాకు ఈతొచ్చు కదా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, పక్కన రోలుగుంట బస్సు కోసం కూర్చున్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"మావోడికీ ఈతొచ్చు బాబూ" అంది.

"ఎప్పుడు జరిగిందండీ?" అన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. బస్సొచ్చి కండక్టరు కేకేసేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఆ జాకెట్టేదో ఏసుకో బాబూ" అని, సంచీ తీసుకుని వెళ్లి బస్సెక్కింది.

మళ్లీ ఫోన్ చేసి, ఇంకో జాకెట్ దొరికేదాకా నేను రానన్నాను.

"భయమేట్రా?" అని నవ్వాడు వాడు.

"అవున్రా" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. ఆ ఆదివారం మాలో ఎవరూ వెళ్లలేదు.

తర్వాత చాలాసార్లు వెళ్లాం. పడవ ఎక్కేముందు అందరి జాకెట్ పట్టీలూ నేనే లాగి చూస్తాను. ఎందుకంత చాదస్తమని అడిగితే, అలవాటంటాను.