జనానికి వీపు చూపనివాడు

మా ముగ్గురిదీ చీపురుపల్లిలో చదువుకున్నప్పటి స్నేహం. నేను నాటకాలు రాసేదాన్ని. ఒకడు వాటిలో ముసలి వేషాలు కట్టేవాడు. ఇంకొకడు లైట్లు చూసుకునేవాడు, తర్వాత హైదరాబాద్ పోయి సినిమా కెమెరా పనిలో కుదురుకున్నాడు. యూట్యూబులో షార్ట్ ఫిల్ములు పుట్టగొడుగుల్లా పుడుతున్న రోజుల్లో వాడొక కెమెరా అడిగి తెచ్చుకుని ఊడిపడ్డాడు. "ఒసే, మన నాటకం ఫిల్ము సేద్దాం" అన్నాడు.

సముద్రం మీద చేపలవేటకెళ్లి తిరిగిరాని కొడుకు కోసం ఎదురుచూసే తండ్రి కథ అది. ముసలి వేషాల మావాడు ఆ తండ్రి వేషంలో మా జిల్లాల్లో ఎక్కని స్టేజీ లేదు.

షూటింగు భావనపాడులో. చివరి సీను ఒక్కటే మిగిలింది. తండ్రి ఒడ్డున నిలబడి సముద్రంకేసి కొడుకుని పిలవాలి. కెమెరా వెనక ఉంటుంది, వీపు మాత్రమే కనపడాలి.

అక్కడే వచ్చింది తంటా. చూసేవాళ్లకి వీపు చూపించకూడదన్నది స్టేజీ మీద మేం నేర్చుకున్న మొదటి పాఠం. మావాడికది ఎముకల్లో ఇంకిపోయింది. బుద్ధిగా సముద్రంవైపు నిలబడేవాడు, నోరు తెరిచీ తెరవగానే కెమెరావైపు తిరిగిపోయేవాడు. ఎన్నిసార్లు తీసినా అంతే. పొద్దు మా వెనక సరుగుడు తోటల్లోకి దిగిపోతోంది.

కెమెరావాడికి ఓపిక నశించింది. "ఈడితో అవదే. రేపు వైజాగు నుంచి ఒకడ్ని రప్పిస్తాను. వీపే కదా, ఎవుడిదైతే ఏటి?"

అది విని మావాడు తలపాగా విప్పేశాడు. "రప్పించీరా. ఫిల్ము బాగుండాల గాని, నేనే ఉండాలని ఏటున్నాది?"

నాకు ఒళ్లు మండిపోయింది. రాసింది నేనే గానీ, ఆ తండ్రికి ప్రాణం పోసింది వాడు. వాడి చోట ఇంకొకడి వీపు పెట్టడానికి నేను ససేమిరా ఒప్పుకోను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వీళ్లిద్దరూ నన్ను ఆటపట్టిస్తూ ఉండేవాళ్లు. ఆవేళ రెండే కాళ్లని కూడా ఒప్పించేదాన్ని.

జనం ఎటుంటే అటే కదా వాడు తిరుగుతాడు! చున్నీ నడుముకి బిగించి సముద్రంలోకి నడిచాను.

"ఒసే, నీకు ఈత రాదే!" కెమెరావాడు అరిచాడు.

"నోర్ముయ్యి. నువ్వు షాటు తియ్యి!"

నడుం లోతులో ఆగి, మావాడికి సరిగ్గా ఎదురుగా, వాడి చాటున కెమెరాకి కనపడకుండా మెడదాకా నీళ్లలో కూర్చున్నాను. "ఒరే, జనం ఇక్కడున్నారు. నన్ను సూసి సెయ్యి!"

వాడు తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. నన్ను చూస్తూ కొడుకుని పిలిచాడు. అలల హోరులో ఆ పిలుపు నాకు వినపడలేదు, ముఖం మాత్రం కనపడింది. ఎన్నో స్టేజీల మీద చూసిన ముఖమే. కానీ ఎప్పుడూ పక్కనుంచే చూశాను. ఇప్పుడు కొడుకు పోయిన చోటునుంచి చూస్తున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

వాడు వెనక్కి తిరగలేదు. ఒక్క టేకులో అయిపోయింది.

ఫిల్ము మొదట భావనపాడులోనే తెల్లగుడ్డ కట్టి వేశాం. అయిపోయాక మావాడు వంగి కుర్చీలు మడుస్తున్నాడు. చేపలమ్ముకునే ముసలమ్మ ఒకావిడ వెనకనుంచి వచ్చి వాడి వీపు మీద చెయ్యేసి నిమిరింది. వాడు కుర్చీ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆవిడ చెయ్యి తీసేదాకా వెనక్కి తిరగలేదు.