లైన్లో నిలబడ్డ ఇనుప డబ్బా

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇంగ్లీషు కూడా వచ్చేది (అని సేటుకు చెప్పాను). నిజామాబాద్‌లో లారీలు తిప్పే ఆ సేటు నా ఇస్త్రీ చొక్కా చూసి నమ్మి గుమాస్తాగా పెట్టుకున్నాడు. డెబ్బైల మొదట్లో సంగతి. నెల తిరగకుండానే ఒక ఉదయం గూడ్స్ షెడ్డు దగ్గర, బొంబాయి నుంచి వచ్చిన ఒక ఇనుప డబ్బా నాకు అప్పజెప్పాడు. ఓడల్లో వస్తాయే, ఆ రకం. కంటైనర్ అనే మాట మాకింకా అలవాటు కాలేదు. చిన్న గదంత ఉంది, తలుపులకు సీళ్లు వేసి ఉన్నాయి. బోధన్ దిక్కు ఒక చక్కెర మిల్లుకు పగటీలి లోపట (మధ్యాహ్నంలోగా) చేరాలనీ, చేరకపోతే రేపటి నుంచి రావద్దనీ చెప్పి, చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి చదువుకొమ్మన్నాడు. నేను దాన్ని పైనుంచి కిందిదాకా కళ్లతో ఒకసారి తడిమి, గంభీరంగా తలూపి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను.

డబ్బాను మోయడానికి దొరికింది మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న ముసలి లారీ. దాన్ని నడిపే చాచాను అందరూ కర్నల్ అనేవారు. బర్మాలో యుద్ధం ఈ బండితోనే గెలిచామని ఆయన చెప్పేవాడు (పటాలంలో ఆయన పని రొట్టెలు కాల్చడమని తర్వాత తెలిసింది). డబ్బా లారీ వెనక నుంచి బారెడు బయటికి పొడుచుకొచ్చింది. మిట్ట ఎక్కినప్పుడల్లా ముందు చక్రాలు నేల మీద ఉన్నాయో లేవో చూడటానికి నేను దిగి పక్కన నడవాలి. ఎడపల్లి దాటేసరికి లారీ కంటే నేనే ఎక్కువ దూరం నడిచినట్టు అనిపించింది.

మిల్లు మైలు దూరం ఉందనగా చెరుకు బండ్ల వరుస తగిలింది. చాచా పక్కనుంచి పోదామన్నాడు. నేను వద్దన్నాను. మా బాపు చెరుకు రైతు. నంబరు చిట్టీ పట్టుకుని రెండేసి రోజులు ఇలాంటి వరుసలోనే ఎండకు ఎండేవాడు, పెద్దల బండ్లు మాత్రం దుమ్ము లేపుకుంటూ ముందుకు పోయేవి. ఆ దుమ్ము తిన్న నోటితో, లైను తప్పి ముందుకు పోనని నేను ఎన్నో ఒట్లు పెట్టుకున్నాను. అందుకే లారీని చివరి బండి వెనక ఆపించి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఇంజను ఆగిపోయింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఒక్క బండి కదల్లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది, నా ఉద్యోగం మెల్లగా జారిపోతోంది, అయినా రైతుబిడ్డనన్న గర్వం మాత్రం ఇంకా నిలబడే ఉంది.

ముందున్న బండి మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. లైను ఎందుకు కదలట్లేదని అడిగాను.

"మూడొద్దులాయె బిడ్డా. మిషన్ల పండ్ల చక్రం ఇరిగిందట. కొత్తది బొంబాయికెల్లి వస్తాందట. చెరుకంత ఎండి కట్టెలైతాంది. గా చక్రం తెచ్చేటోడు యాడ పండుకున్నడో ఏమో."

నాకు ఒళ్లు మండింది. అలాంటి వాళ్లకు రైతు కష్టం తెలియదనీ, చెప్పు తీసుకుని కొట్టినా పాపం లేదనీ అన్నాను. అవ్వ బాగా చెప్పావని మెచ్చుకుంది, చెంబులోంచి నీళ్లు కూడా పోసింది. చాచా మాత్రం బీడీ ఆర్పి నా వైపు అదోలా చూశాడు.

"బాబూ, మన డబ్బా సుత బొంబాయికెల్లే వచ్చింది గద. జర గా కాగజ్ తీయి."

తీశాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఎర్ర సిరాతో రాసింది 'అర్జెంట్' అని తేలింది. దాని కిందిది 'గేర్', అంటే అవ్వ చెప్పిన పళ్ల చక్రమే. నా మొహం చూసి అవ్వకు అర్థమైపోయింది.

"గా పండుకున్నోడివి నువ్వేనా బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తలూపాను. ఆమె చెప్పు తీయలేదు. బండి మీద లేచి నిలబడి ముందుకు కేకేసింది. ఆ కేక బండి నుంచి బండికి పాకింది, వెనకే నవ్వు కూడా పాకింది. మైలు పొడుగునా బండ్లు పక్కకు జరిగి దారిచ్చాయి. తీరా చూస్తే లారీ స్టార్ట్ కాలేదు. చాచా హ్యాండిల్ తిప్పీ తిప్పీ కూలబడ్డాడు. అవ్వ తన ఎడ్లను విప్పి లారీకి కట్టించింది, ఇంకో అయిదు జతలు తోడొచ్చాయి. చాచా స్టీరింగు దగ్గర కూర్చుని రెండు వైపులా సెల్యూట్లు కొడుతుంటే, బర్మా గెలిచిన బండిని పన్నెండు ఎడ్లు లాక్కెళ్లాయి.

గేటు దగ్గర ఇంజనీరు పరుగెత్తుకొచ్చి ఇంతసేపు ఎక్కడ చచ్చావని అరిచాడు.

"లైన్ల ఉన్న సార్" అన్నాను.

ఆయన నెత్తి పట్టుకున్నాడు. మర్నాడు గానుగ తిరిగింది. అవ్వ బండిని అందరికంటే ముందు పంపుతామంటే ఆమె ఒప్పుకోలేదట, తన నంబరు వచ్చినప్పుడే పోతానందట. సేటు నన్ను తీసేయలేదు గానీ, ఆ తర్వాత మూడేళ్లపాటు ప్రతి కాగితం చాచా ముందు పైకి చదివితేనే బండి కదిలేది.

ఇప్పుడు బాల్కొండ దగ్గర మా ఇంటి ముందు హైవే మీద కంటైనర్లు రివ్వున పోతుంటాయి, ఒక్కటీ ఎవరి కోసమూ ఆగదు. నేను మాత్రం ఏ లైన్లో నిలబడ్డా, అది కాసేపు కదలకపోతే ముందున్న వాళ్లను తిట్టను. ముందు నా జేబు తడుముకుంటాను.