ఎవరి పొగ, ఎవరి దుమ్ము

సరసమ్మకు మొగుడి మీద కోపం పోయి చాలా కాలమైంది. మిగిలింది చులకనే. తమిళనాడులో, పాపిరెడ్డిపట్టి దారిలోని కంకర క్రషరులో ఆమె పదకొండేళ్లు పనిచేసింది. తలకు చుట్టుకున్న తువ్వాలు సాయంత్రానికి పిండిలో పొర్లించి తీసినట్టు ఉండేది. మొగుడు సీనప్ప వారానికి రెండు రోజులు ఇళ్లకు సున్నం కొట్టే పనికి పోయేవాడు. తక్కిన రోజులన్నీ టీకొట్టు బెంచీ మీద బీడీ తాగుతూ లోకానికి బుద్ధి చెప్పేవాడు.

"బీడీ తాగొద్దంటారు. లారీ విడిచే పొగ ఎవురు మింగేది? ముందు దాన్ని ఆపి, తర్వాత నా కాడికి రండి. నా ఊపిరి, నా ఇష్టం. దేశానికి సుదందిరం వచ్చింది దేనికి?"

బెంచీ మీదివాళ్లు తలలూపేవారు. పేపరు అతని చేతిలో ఉండేది మరి.

సరసమ్మకు దగ్గు పట్టుకుని నెలలు గడిచినా వదల్లేదు. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు డాక్టరు కనిమొళి ఆమె వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. ధర్మపురికి పంపి ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తులు చెడ్డాయని తేలింది. బీడీ తాగుతావా అని డాక్టరు తమిళంలో అడిగింది. తాను తాగననీ, ఇంట్లో ఆయన తాగుతాడనీ సరసమ్మ చెప్పింది.

పక్కన నిలబడ్డ సీనప్ప మొహం వెలిగిపోయింది. పెళ్లాం ఊపిరి పాడైందన్న మాట అతని చెవికెక్కిందో లేదో గానీ, వాదంలో తాను గెలిచిన సంగతి మాత్రం బాగా ఎక్కింది.

"చూసినారా మేడమ్? ముప్పై ఏండ్లుగా తాగే నేను గుండ్రాయి మాదిరి ఉండాను. తాగని దీనికి జబ్బు!"

దుమ్మూ పొగా రెండూ చెరుపేననీ, ఆమెకు ఆ రెండూ తప్పాలనీ డాక్టరు విసుగ్గా చెప్పింది.

మర్నాడు సరసమ్మ క్రషరు యజమాని నరసింహన్ దగ్గరికి పోయి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించమని అడిగింది.

"మీ ఆయన బీడీలు తాగుతాడంట కదమ్మా? ముందు అది మానిపించు" అన్నాడాయన.

ఇంటికొచ్చి చెబితే సీనప్ప ఎగిరిపడ్డాడు. "అంతా వాని దుమ్మే!"

"ఆ మాట ఆయప్ప మొహానే చెప్పు, రా" అని తెల్లవారి అతన్ని వెంటబెట్టుకు పోయింది. జీవితంలో ఒక్కసారైనా ఆ నోరు తనకు పనికొస్తుందనుకుంది.

అద్దాల గది ముందు సీనప్ప చెప్పులు విడిచి, చేతులు కట్టుకున్నాడు. నరసింహన్ సిగరెట్టు పెట్టె చాపితే రెండు చేతులా అందుకున్నాడు. ఇద్దరూ వెలిగించారు.

"ఇంట్లో కట్టెల పొయ్యేనా?" అన్నాడు యజమాని.

"అవును మొదలాళీ."

"అదే మరి! ఆ పొగే చేసింది."

"నేనూ అదే అనుకుంటి" అన్నాడు సీనప్ప.

సరసమ్మకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా ఆ ఇద్దరూ మర్యాదగా సిగరెట్లు పక్కకు పట్టుకున్నారు.

"ఇద్దురు మొగోళ్లు కూడి మంచి తీర్మానానికి వచ్చినారు. మీకు వండిపెట్టే పొయ్యి మీదనే నేరం తోసినారు" అంటూ తల తువ్వాలు విప్పి బల్ల మీద దులిపింది. బూడిదరంగు పొడి యజమాని టీలో పడింది. "పదకొండేండ్లు నేను మింగినాను. కొంచెం మీరూ తాగండి."

మళ్లీ అక్కడికి పోలేదు. ఎక్స్‌రే పట్టుకుని సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చింది. తనిఖీకి ఎవరైనా వచ్చే రోజున మాత్రం ఇప్పుడు క్రషరులో నీళ్లు చల్లుతున్నారట. అంతకంటే ఎక్కువ ఆ మనుషుల నుంచి ఆమె ఆశించనూ లేదు.

ఇప్పుడు పసుపు తోటల్లో కలుపు తీయడానికి పోతోంది. దగ్గు సగం తగ్గింది. మిగతా సగం పోదని డాక్టరు దాచకుండానే చెప్పింది. సీనప్ప మంచం వాకిట్లోకి వచ్చేసింది. వాన పడినప్పుడు అతను తలుపు కొడతాడు. బీడీ పారేసి, నోరు పుక్కిలించి రమ్మంటుంది సరసమ్మ. గొణుక్కుంటూనే పుక్కిలిస్తాడు.