తొమ్మిది చోట్ల ఆగే ప్రయాణం

నా భార్య చనిపోయి పన్నెండు రోజులైంది. ఆ సోమవారం పొద్దున ఆరింటికి లేచింది. ఒక ఇడ్లీ తిన్నది. తొమ్మిదింటికి గోడ క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక తెల్లవైపు ఏదో రాసుకుంది. పదకొండింటికి నీళ్లు అడిగింది. పొద్దుటి వంతు అప్పటికే అయిపోయింది. "రెండింటికి ఇస్త" అన్నాను. ఒంటిగంట దాటాక ఆయాసం మొదలైంది. పక్కింటివాళ్ల ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉండగా డాక్టర్ బయటికి వచ్చి చెప్పాడు.

కామారెడ్డి నుంచి యెల్లారెడ్డి మీదుగా పిట్లం పోయే బస్సులో మీరు ఎప్పుడైనా ఎక్కి ఉంటే ఆమెను చూసే ఉంటారు. పందొమ్మిదేళ్లు ఆ దారిలో కండక్టర్‌గా పనిచేసింది. పొట్టి మనిషి. పై కమ్మీ అందదు కనుక సీట్ల వీపులు పట్టుకుని నడిచేది. గొంతు మాత్రం డ్రైవర్ దాకా, అవసరమైతే బస్సు వెనక పరుగెత్తుతున్నవాడి దాకా వినిపించేది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి నేను ఆ బస్సే ఎక్కాను. అందరి టికెట్లూ కొట్టి నా దగ్గరికి వచ్చి, ఎవరో తెలియనట్టు నిలబడింది.

"ఎక్కడికి సారూ?"

"మా అత్తగారింటికి."

"బిడ్డను తీస్కపోకుండ అల్లుడొక్కడే పోతె అక్కడ కోడి కొయ్యరు. పప్పే పెడ్తరు. చూస్కో మరి."

వెనక సీటులో ఒడిలో కోడిని పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ అందుకుంది. "గట్లైతె నా కోడిని తీస్కపో కొడుకా. నీ పెండ్లాం దానిక్కూడ టికెట్ అడుగుతున్నది." బస్సంతా నవ్వింది. నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నలుగురిలో అలా నవ్వులపాలు కావడం నాకు అలవాటు లేదు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ బస్సు మళ్లీ ఎక్కడానికి ఏమిచ్చినా సరే అనిపిస్తుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నేను సారునే.

మాకు పిల్లలు లేరు. సెలవు రోజుల్లో ఇద్దరం ఇంట్లోనే ఉండేవాళ్లం. బస్సులో తిరిగి తిరిగి ఆమెకు ఇల్లే ఇష్టమై ఉంటుందని నేను అనుకున్నాను. అడగలేదు. కిడ్నీలు పాడై ఉద్యోగం మానేసిన తర్వాత ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ తానే చెప్పింది.

"ఇన్నేండ్లు అందరిని దించిన సారూ. నన్ను ఎవ్వలు దించలే."

అప్పుడు మొదలైంది ఈ ప్రయాణం ఆలోచన. మాకొక పాత కారుంది. అదే దారిలో, అదే పిట్లం దాకా, ఆమె ఎక్కడ దిగాలనుకుంటే అక్కడ ఆగుతూ పోవాలి. బస్సుకు రాసుకున్నట్టే కాగితం మీద రాసింది: ఏ చోటికి ఎన్నింటికి చేరాలి, అక్కడ ఎన్ని నిమిషాలు, మళ్లీ ఎన్నింటికి బయలుదేరాలి. మొత్తం తొమ్మిది చోట్లు.

లింగంపేటలో పాత మెట్లబావి ఉంది. బస్సు దిగి నడిస్తే ఎంతో దూరం లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోయేవాళ్లకు పందొమ్మిదేళ్లు దారి చెప్పింది. తాను ఒక్కసారీ చూడలేదు. యెల్లారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. ఆ పది నిమిషాలూ ఆమె నిలబడే చాయ్ తాగేది. అందుకని అక్కడ "కూసొని చాయ్" అని రాసుకుంది. దాటాక పోచారం వైపు మళ్లి, ఆ చెరువు మత్తడి మీంచి దూకే నీళ్లు చూసి రావాలి. తర్వాత నిజాంసాగర్ డ్యామ్. గేట్లు ఎత్తిన రోజుల్లో బస్సులో అందరూ ఒకవైపుకు ఒరిగి చూసేవారట. ఆ సమయంలో ఆమె రెండో వైపు ఖాళీ దొరికిందని టికెట్లు కొట్టేది.

"తొమ్మిది చోట్ల ఆగితే చేరుడు ఎప్పుడు?" అన్నాను.

"చేరుడు రోజూ ఉన్నదే సారూ. ఆగుడే లేకుండె."

మొదటి ఏడాది చెరువులు నిండలేదు. ఎండిన చెరువు చూసి ఏం లాభం, నిండనీ అన్నాను. రెండో ఏడాది నిండాయి. జవాబు పత్రాలు దిద్దే పని ఉందన్నాను. అది అయ్యేసరికి డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రి. మిగిలిన రోజుల్లో ఆమె కాగితాన్ని మళ్లీ రాసేది. బుధవారానికి ఒకటి, ఆదివారానికి ఒకటి. ఏదో ఒక సాకు చెప్పి నేను ప్రతిదీ పక్కన పెట్టించాను.

అసలు కారణం ఆమెకు చెప్పలేదు. డాక్టర్ రోజుకు ముప్పావు లీటరు నీళ్లన్నాడు, చాయ్‌తో కలిపి. కొలిచి ఇవ్వడం నా పని. సీసా మీద పెన్నుతో గీతలు గీశాను. వేసవిలో ఆమె తడిగుడ్డ పెదాల మీద పెట్టుకుని పడుకునేది. "నా నీళ్లకు నువ్వు కండక్టర్‌వైనవు సారూ. చుక్క ఎక్కువ ఎక్కనియ్యవు" అని నవ్వేది. అలాంటి మనిషిని చెరువుల వెంట తిప్పితే దాహం ఇంకా పెరుగుతుందని నేను భయపడ్డాను. కాపాడుతున్నాననుకున్నాను.

పోయే ముందు వారం కనిపెట్టింది. వర్షాలు బాగా పడ్డాయి, గేట్లు ఎత్తారని పక్కింటామె చెప్పింది. నేను మాట మార్చాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"తాగనియ్యవు, సరే. చూడనన్న చూడనియ్యవా?"

"బుధవారం పోదాం" అన్నాను. మంగళవారం డయాలసిస్ అయ్యాక ఒళ్లు తేలికగా ఉంటుంది కనుక బుధవారం. శనివారం అయ్యాక కూడా అంతే కదా, ఆదివారమే పోదామని ఆమె అడిగింది. నేను ఒప్పుకోలేదు. ఆమె సోమవారం పోయింది.

ఈ పన్నెండు రోజులుగా ఒంటిగంటన్నర కాగానే ఇంట్లోంచి బయటికి వెళ్లిపోతున్నాను. మూడు దాటితే గానీ తిరిగి రావడం లేదు. ఎటు నడిచానో ఇంటికి వచ్చాక గుర్తుండదు.

మా వైపు కర్మలు అయ్యాక, భార్యను పోగొట్టుకున్నవాణ్ణి దగ్గరివాళ్లు తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెడతారు. దాన్ని నిద్ర చేయడం అంటారు. పిట్లంలో ఉండే ఆమె తమ్ముడు ఇవాళ మధ్యాహ్నం వచ్చాడు. కర్మలకు వచ్చి ఇంట్లోనే ఉన్న మా పెద్దమ్మ మంచంలోంచే అతనికి జాగ్రత్తలు చెప్పింది. "నిద్రకు పోయేటోడు నడుమ ఎక్కడ ఆగొద్దు బిడ్డా. ఇంట్లకెల్లి ఇంట్లకే పోవాలె."

అతను నన్ను వాకిట్లోకి తీసుకెళ్లాడు. "బావా, రేపు పొద్దుగాల బండి తీస్కొని వస్త. బాన్సువాడ మీదికెళ్లి పోదాం."

"యెల్లారెడ్డి మీదికెళ్లి పోత. నా కారుల నేనే వస్త. నువ్వు రాకు."

"అక్క తిరిగిన తొవ్వ అది. ఒక్కనివి పోతవా?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. చనిపోయిన రోజు పొద్దున ఆమె క్యాలెండర్ వెనక రాసింది అదే. బుధవారానికి. అతను వేలుపెట్టి ఒక్కో వరుసా చదువుతూ నిజాంసాగర్ దగ్గర ఆగిపోయాడు. మిగతా అన్నిచోట్లా నిమిషాలున్నాయి. డ్యామ్ పేరు ఎదురుగా నిమిషాలు లేవు. "సారు పిలిచేదాక" అని ఉంది.

అతను గోడవైపు తిరిగాడు. కాగితం మడిచి నాకు ఇచ్చాడు. తర్వాత అడిగాడు. "మరి నిన్నెవలు పిలుస్తరు బావా?"

"పొద్దుగూకేదాక నేను రాకపోతె నువ్వొచ్చి పిలువు."

"పిలిస్తె వస్తవు గద?"

"వస్త."

"పెద్దమ్మకు ఏం చెప్పాలె?"

"ఏం చెప్పకు."

కారులో పెట్రోల్ పోయించాను. రేపు పొద్దున ఆరింటికి బయలుదేరతాను. మొదట ఆగవలసింది ఊరు దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక కుంట దగ్గర. దానికి పేరు లేదు. ఎందుకు దిగాలనుకుందో నాకు చెప్పలేదు. ఆమె రాసినవి నాలుగు నిమిషాలు. దిగగలనో లేదో తెలియదు. బండి మాత్రం ఆపుతాను.